మురుగు పైపుల్లో మేట, కోత: గోదావరి డెల్టా ఊళ్ళ నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు

కాకినాడ కావచ్చు, భీమవరం కావచ్చు, అమలాపురం, పాలకొల్లు, రాజమహేంద్రవరం కావచ్చు. మురుగు పైపుల మీద జనం అడిగే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న కావాలంటే అది మాత్రమే చదువుకోవచ్చు. దేని జవాబు దానికే పూర్తి.

మన డెల్టాలో నీటికి కొదవ లేదు, వాలుకే కొదవ. నీరు నెమ్మదిస్తే మట్టి దిగుతుంది, దిగిన మట్టి నీటిని ఇంకా నెమ్మదింపజేస్తుంది. కాబట్టి పూడిక తీయించే ముందు ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. అది తెలియకుండా తీయిస్తే వచ్చే ఏడు మళ్ళీ తీయించాల్సిందే.

## పైపు వేయకముందు

మా ఊరి నేల పళ్ళెంలా ఉంటుంది. ఇక్కడ భూగర్భ డ్రైనేజీ అసలు పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ వాలును డబ్బు పెట్టి కొనుక్కోవాలి. 200 మిల్లీమీటర్ల పైపుకు 250 మీటర్ల పొడవులో కనీసం 1 మీటరు దిగుడు కావాలి. అంటే కిలోమీటరుకు 4 మీటర్లు. ధవళేశ్వరం దిగువన నేల కిలోమీటరుకు అడుగు కూడా దిగని చోట్లే ఎక్కువ. మొదటి మ్యాన్‌హోల్ మీటరు లోతున మొదలైతే కిలోమీటరు పోయేసరికి పైపు 5 మీటర్ల లోతుకు చేరుతుంది. ఆ లోతులో ఊట ఆగదు, గోడ నిలవదు. అందుకే మధ్యమధ్య లిఫ్టు స్టేషన్లు పెట్టి, నీటిని పైకి తోడి మళ్ళీ వాలులో వదులుతారు. లిఫ్టు స్టేషన్‌కు జనరేటరు, అదనపు పంపు తప్పనిసరి. పంపు ఆగిన ప్రతి గంటా దానికి పైనున్న పైపులన్నీ నిలవ చెరువులై మేట వేస్తాయి. తవ్వకం ఖర్చు మిగుల్చుకుందామని వాలు తగ్గిస్తే, మిగిలిందంతా ఏటా పూడికతీతకే పోతుంది.

మట్టి దిగకుండా ఉండాలంటే నీరు ఎంత వేగంగా పారాలి?

2013 నాటి కేంద్ర ప్రభుత్వ మురుగునీటి మాన్యువల్ లెక్క ప్రకారం, ఈరోజు ఉన్న ఇళ్ళ నుంచి రోజులో ఎక్కువ నీరు వచ్చే వేళ సెకనుకు కనీసం 0.6 మీటర్లు. భవిష్యత్తు జనాభాకు లెక్కేసిన గరిష్ఠ ప్రవాహంలో 0.8 మీటర్లు. 3 మీటర్లు దాటకూడదు. 0.6 అంటే నింపాదిగా నడిచే మనిషి వేగంలో సగం. రోజంతా ఆ వేగం ఉండక్కర్లేదు. రాత్రి దిగిన మట్టిని పొద్దుటి స్నానాల వేళ నీరు లేపుకుపోతే చాలు. ఇసుక నీటికంటే రెండున్నర రెట్లకు పైగా బరువు, మలం నీటికంటే కొద్దిగానే బరువు. అందుకే వేగం తగ్గగానే ముందు దిగేది ఇసుక, దాన్ని పట్టుకుని నిలిచేది మిగతాది.

ఎందుకైనా మంచిదని పెద్ద పైపు వేయిస్తే ఇబ్బంది ఉండదు కదా?

ఉంటుంది. లెక్క చూడండి. వంద మంది ఉండే సందులో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తే 10,800 లీటర్లు. రద్దీ వేళ దానికి మూడు రెట్లు అనుకున్నా సెకనుకు అర లీటరు కూడా ఉండదు. 200 మిల్లీమీటర్ల పైపులో 250కి 1 వాలులో (250 మీటర్లకు 1 మీటరు దిగుడు) ఆ నీరు రెండు సెంటీమీటర్ల లోపు మందంతో, సెకనుకు పావు మీటరు వేగంతో పారుతుంది. సన్న ఇసుక కదులుతుంది, ముతక ఇసుక కదలదు. అదే సందులో 300 మిల్లీమీటర్ల పైపు వేసి, పెద్ద పైపుకు తక్కువ వాలు చాలంటూ 450కి 1 పెడితే వేగం ఇంకా పడిపోయి 0.2కు వస్తుంది. అసలు నష్టం పైపు సైజులో లేదు, సైజు పేరు చెప్పి వాలు కోసేయడంలో ఉంది. కొద్ది ఇళ్ళే కలిసే వీధి మొదట్లో 200 కంటే పెద్దది వద్దు. వాలు మాత్రం 170కి 1 దాకా పెంచితే మేలు.

ఇంటి నుంచి వీధి ఛాంబరు దాకా ఎంత వాలు పెట్టించాలి?

110 మిల్లీమీటర్ల పైపుకు 60కి 1, అంటే 10 మీటర్లకు 16 నుంచి 17 సెంటీమీటర్లు. 160 మిల్లీమీటర్ల పైపుకు 100కి 1, అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. కంటి అంచనా మీద వదలకండి. పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్ళు నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసి, రెండు చివరలనూ రెండు ఛాంబర్ల దగ్గర నిలబెట్టండి. రెండు చోట్లా నీటి మట్టం నుంచి పైపు అడుగు దాకా టేపుతో కొలవండి. రెండు కొలతల తేడాయే మీ వాలు. బుడగ ఉంటే కొలత తప్పుతుంది.

## పైపు వేస్తున్నప్పుడు

వేసిన ఏడాదికే పైపు మధ్యలో కుంగి బొజ్జ దిగింది. ఎందుకలా?

మూడు కారణాల్లో ఒకటి. మొదటిది, గుంటలో ఊట నీరుండగానే బురద మీద పైపు పరచడం. రెండోది, తవ్వి తీసిన రేగడి గడ్డలనే పైపు చుట్టూ తిరిగి పోయడం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని బీటలు వారుతుంది, పైపు దానితోపాటు ఊగుతుంది. మూడోది, ప్లాస్టిక్ పైపు ఖాళీగా ఉండగా రాత్రి ఊట పెరిగి అది పైకి తేలడం. పొద్దున్న ఎవరూ చూడకుండా పూడ్చేస్తే అక్కడ శాశ్వతంగా ఒక మూపురం, దాని వెనక ఒక గుంట.

సరైన పద్ధతి ఇది. గుంట చివర చిన్న గొయ్యి తీసి, మోటారుతో నీరు తోడుతూ అడుగును పొడిగా ఉంచాలి. పైపు కింద 100 నుంచి 150 మిల్లీమీటర్ల ఇసుక లేదా సన్న కంకర చిప్స్ పరవాలి. పైపు పక్కలకు కూడా అదే వేసి, పొరపొరగా కుదించాలి. పైన 30 సెంటీమీటర్లు కప్పే దాకా మోటారు ఆపకూడదు. అడుగు మరీ మెత్తని బురద నేలైతే నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి దాని మీద చిప్స్ వేయాలి. లేకపోతే పరిచిన ఇసుక మెల్లగా బురదలో కలిసిపోతుంది.

మూతలు బిగించకముందే పని సరిగా జరిగిందో లేదో చూసుకునే దారుందా?

రెండు తేలికైన పరీక్షలున్నాయి. ఒకటి అద్దం పరీక్ష. ఒక మ్యాన్‌హోల్‌లో పైపు నోటి దగ్గర టార్చి వెలిగించి, రెండో మ్యాన్‌హోల్‌లో కర్రకు కట్టిన అద్దాన్ని 45 డిగ్రీల వాలులో దింపి పైనుంచి చూడాలి. నిండు చందమామ కనిపిస్తే పైపు తిన్నగా, శుభ్రంగా ఉన్నట్టు. కింది సగం కోసినట్టుంటే మేట గానీ నీటి నిలవ గానీ ఉంది. పక్క కోసినట్టుంటే పైపు వంకర పోయింది. అసలు వెలుగే రాకపోతే లోపల సిమెంటు బస్తానో, మేస్త్రీలు వదిలిన గోనె గుడ్డో అడ్డం ఉంది.

రెండోది బంతి పరీక్ష. పైపు లోపలి వ్యాసం కంటే 13 మిల్లీమీటర్లు చిన్నదైన నున్నటి బంతిని ఎగువన వదిలితే, అది తనంతట తాను దొర్లి దిగువన బయటికి రావాలి. ఈ రెండూ చేయకుండా కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు ఇవ్వవద్దు. కొత్త లైన్లలో మొదటి మేట ఇళ్ళ నుంచి వచ్చింది కాదు, పనివాళ్ళు లోపల వదిలేసిన ఇసుక, సిమెంటు ముద్దలే.

మ్యాన్‌హోల్ అడుగున మట్టి దిగడానికి గుంట వదిలితే మంచిది కదా?

వీధి లైనులో మంచిది కాదు. గుంటలో దిగేది ఇసుక ఒక్కటే కాదు, మలం కూడా. అది కుళ్ళి గ్యాసు పుడుతుంది. అడుగున పైపు సైజుకే సగం గొట్టంలా కాలువ తీసి, రెండు పక్కల గట్లను ఆ కాలువ వైపు వాలుగా నున్నగా పూయాలి. ఇసుక గుంట ఉండాల్సింది ఇంటి ఆవరణలో, గిన్నెలు కడిగే చోట, బట్టలు ఉతికే చోట. అది చేత్తో తీసుకోగలిగినంత చిన్నది, ఒకటిన్నర అడుగు లోతు చాలు.

## రోజూ వాడుతున్నప్పుడు

మేం పైపులో మట్టి పోయం. మరి మా ఇంటి నుంచి మట్టి ఎలా వెళ్తుంది?

వాకిలి కడిగిన నీరు నేరుగా ఛాంబరులోకి పోతుంటే దానితోపాటు ఇసుక, ముగ్గు కూడా వెళ్తాయి. ముగ్గు పిండి చాలావరకు రాతి పొడే. నీటిలో కరగదు, బరువుగా అడుగుకు చేరుతుంది. ధనుర్మాసం నెల రోజులూ కళ్ళాపి, ముగ్గు, గొబ్బెమ్మలు కలిసి ఎంత పోతుందో ఊహించుకోండి. గిన్నెలు తోమే బూడిద, అక్వేరియం గులకలు, కుండీల మట్టి దీనికి తోడు. అన్నిటికంటే ఎక్కువ వచ్చేది వీధిలో ఇల్లు కడుతున్నప్పుడు. ఛాంబరు పక్కనే పోసిన ఇసుక కుప్ప ఒక్క వానకు సగం లోపలికి జారుతుంది. సిమెంటు కలిపిన తట్టలు ఛాంబరులో కడిగితే అది మేట కాదు, రాయి. ఒత్తిడి నీటితో కొట్టే ఏ జెట్టింగ్‌కూ రాదు. వాకిలి నీరు తోటలోకి మళ్ళించండి, మూతల అంచుల సందులు పూయించండి.

కొబ్బరి పీచు, చేప పొలుసు పోతే ఏమవుతుంది?

కోనసీమ లైన్లలో మేటను కట్టి పడేసేది పీచే. ఇసుక ఒక్కటే ఉంటే నీటి వేగానికి కదులుతుంది. దానిలో పీచు, జుట్టు, పొలుసు కలిస్తే ఇటుక మట్టిలో ఊక కలిపినట్టు గట్టిపడుతుంది. సింకుకు, గిన్నెలు తోమే చోటుకు 5 మిల్లీమీటర్ల రంధ్రాల జాలీ పెట్టండి. చేప కడిగిన నీరు బకెట్టులో పట్టి, వడకట్టి, చెట్టు మొదట్లో పోయండి. కొబ్బరి మొక్కకు అది మంచి ఎరువు.

మాది మెస్సు. నూనె పైపులో పోతే మట్టితో ఏం సంబంధం?

వేడిగా పోయిన నూనె పది మీటర్లు దాటేసరికి చల్లబడి పైపు గోడకు అంటుకుంటుంది. ఆ జిడ్డుకు ఇసుక, మైదా, గంజి పట్టి తెల్లటి మైనంలా పెరుగుతుంది. కాజాలు, బూరెలు వేయించే చోట్ల, కర్రీ పాయింట్ల వెనక ఇది మామూలే. జిడ్డు పట్టే తొట్టె పెట్టండి. నీరు అందులో అరగంట నిలవాలి. నిమిషానికి 20 లీటర్లు వాడితే తొట్టె 600 లీటర్లు. లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు రెండూ నీటి మట్టం కిందకు వంచిన T ఆకారపు ముక్కలతో ఉండాలి, లేకపోతే జిడ్డు పైనుంచే దాటిపోతుంది. పైన తేలిన జిడ్డు, అడుగున దిగిన ముద్ద రెండూ కలిపి తొట్టె లోతులో నాలుగో వంతుకు వస్తే తీసేయాలి. వేడినీళ్ళు పోసి కరిగిస్తే మీ తొట్టె ఖాళీ అవుతుంది గానీ పక్క వీధి పైపు నిండుతుంది.

డ్రైనేజీ లైను వచ్చింది. సెప్టిక్ ట్యాంకు ఉంచాలా, తీసేయాలా?

మీ ఊళ్ళో వేసింది ఏ రకం లైనో అడగండి. శుద్ధి కేంద్రానికి పోయే మామూలు లైనైతే ట్యాంకును పక్కన పెట్టి నేరుగా కలపాలి. ట్యాంకు తీయించకుండా మధ్యలో ఉంచితే నిండిన బురద ఒక్కసారిగా లైనులోకి పొంగుతుంది. ట్యాంకు తేట నీటి కోసమే వేసిన చిన్న పైపుల లైనైతే ట్యాంకు ఉండి తీరాలి. దాన్ని రెండు మూడేళ్ళకోసారి తీయించాలి. ఆ లైన్ల వాలు తేట నీటికి లెక్కేసిందే, మలానికి కాదు.

డాబా మీది వాన నీరు మురుగు పైపులోకి వదిలితే పైపు కడిగినట్టవుతుంది కదా?

అవదు. డాబా నీటితో వచ్చే ఇసుక, ఆకులు వాన వెలిసేసరికి అక్కడే దిగిపోతాయి. వాన జోరులో పైపు పట్టక పల్లంలో ఉన్న ఇళ్ళ మరుగుదొడ్లలోంచి నీరు పైకి తన్నుతుంది. అది పక్కింటివాళ్ళకు చేసే అన్యాయం. వాన నీరు సైడు కాలువకే.

## అనుమానం వచ్చినప్పుడు

నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి. తప్పు మా ఇంటి పైపుదా, వీధి పైపుదా?

మీ ఆవరణలో చివరి ఛాంబరు మూత తీయండి. అందులో నీరు నిలిచి ఉంటే వీధి వైపు అడ్డం. ఖాళీగా ఉండి బాత్రూములో నిలిస్తే అడ్డం మీ ఇంట్లోనే. ఒక్క తూమే ఆగితే అడ్డం ఆ తూము కింది వంపులో (ట్రాప్‌లో) మాత్రమే.

పేరుకున్న మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునే ఉపాయం ఉందా?

ఉంది, ఒక గాజు సీసా చాలు. పొడుగు కర్రకు కట్టిన గరిటెతో ఛాంబరు అడుగు నుంచి ముద్ద తీయండి. తొడుగులు లేకుండా చేయి పెట్టవద్దు. సీసాలో మూడో వంతు ముద్ద, మిగతా నీరు పోసి, మూత బిగించి, గట్టిగా ఊపి కిటికీలో పెట్టండి.

నిమిషంలోపు అడుగున దిగి, గాజు మీద గరగరలాడేది ఇసుక. అది మెరుస్తూ శుభ్రంగా ఉంటే కొత్తది, దగ్గర్లో ఎవరో ఇల్లు కడుతున్నారు. ఇసుక గుండ్రని ముతక రేణువులైతే పైపు కింద పరిచిన పరుపే లోపలికి వస్తోందేమో చూడాలి. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు, పైన రోడ్డు డొల్ల అవుతున్నట్టు. గంటల తరబడి నీరు మసకగా ఉండి, మర్నాటికి మెత్తటి బూడిద రంగు పొర కట్టేది ఒండ్రు, రేగడి. అతుకుల్లోంచి ఊటతో వచ్చింది. నల్లగా, జారుడుగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉండేది నిలవ మురుగు, అంటే వాలు లేదు లేదా పైపు బొజ్జ దిగింది. పైన తెల్లగా తేలేది జిడ్డు.

ఒక్క ఛాంబరు చూసి తీర్పు చెప్పకండి. ఎగువ నుంచి దిగువకు వరసగా నాలుగు ఛాంబర్లలో తీసి సీసాలు పక్కపక్కన పెట్టండి. రెండో సీసాలో లేని రేగడి మూడో సీసాలో కనిపించిందంటే, పగిలిన అతుకు ఆ రెండింటి మధ్యే. కెమెరా తెప్పించాల్సింది ఆ 30 మీటర్లకే, వీధి మొత్తానికి కాదు.

ఊట నీరు లోపలికి వస్తోందని ఎలా కనిపెట్టాలి?

రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య మ్యాన్‌హోల్ మూత తీసి పైనుంచే టార్చి వేసి చూడండి. ఆ వేళ ఇళ్ళలో నీటి వాడకం ఉండదు. అయినా తేట నీరు పారుతుంటే అది ఊటే, లేదా ఎవరిదో కుళాయి కారుతోంది. ఇదే పరీక్ష కాలువలు పారే ఆగస్టులో ఒకసారి, కాలువలు కట్టేసిన మే నెలలో ఒకసారి చేస్తే తేడా కళ్ళకు కడుతుంది. నరసాపురం, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఆ తేట నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టండి. కుళాయి నీటికంటే పది రెట్లు చూపిస్తే అది ఉప్పు ఊట. రొయ్యల రైతుల దగ్గరుండే సెలైనిటీ మీటరు కూడా ఉప్పు బాగా ఉన్న చోట పనికొస్తుంది.

ఎంత పేరుకున్నాక తీయించాలి?

పైపు లోతులో నాలుగో వంతు దాటనివ్వకండి. 200 మిల్లీమీటర్ల పైపులో 50 మిల్లీమీటర్ల మేట అంటే దారిలో ఐదో వంతు పోయినట్టు. గరుకుదనం వల్ల పారే నీరు అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. రెండు మ్యాన్‌హోళ్ళ మధ్య 30 మీటర్లలో ఆ మేట సుమారు 180 లీటర్లు, అంటే పది పన్నెండు తట్టలు. కొత్త మేటను నీటి తాకిడి కదిలిస్తుంది. నెలల తరబడి బిగుసుకున్న దానికి అంతకు రెండు మూడు రెట్ల తాకిడి కావాలి. ఆలస్యం చేసేకొద్దీ పైపు తనను తాను కడుక్కునే అవకాశం పోతుంది.

## పూడిక తీసేటప్పుడు

జెట్టింగ్ ఎటు నుంచి మొదలుపెట్టాలి?

దిగువ మ్యాన్‌హోల్ నుంచి ఎగువకు. గొట్టం కొసనున్న నాజిల్ వెనక్కి చిమ్మే నీటి తోపుకు తానే ముందుకు పోతుంది. దాన్ని వెనక్కి లాగుతుంటే మట్టి దిగువకు కొట్టుకొస్తుంది, అక్కడ సక్షన్ గొట్టంతో తోడేయాలి. తోడకుండా వదిలితే ఆ మట్టి తర్వాతి పైపులో కూర్చుంటుంది. మీ వీధి బాగై కింది వీధి మూసుకుపోయేది ఇలాగే. మామూలుగా 80 నుంచి 150 బార్ ఒత్తిడి వాడతారు. పాత కాంక్రీటు పైపులో తక్కువతో మొదలుపెట్టాలి, నాజిల్‌ను ఒకే చోట ఆపి ఉంచకూడదు. ఆపితే మేటతోపాటు అతుకు సిమెంటు కూడా కోసుకుపోతుంది. 5 మీటర్లు పోయి, వెనక్కి లాగి, తోడి, మళ్ళీ 10 మీటర్లు. ఒకేసారి చివరిదాకా పంపితే వెనక మట్టి కట్టుకుని గొట్టం ఇరుక్కుంటుంది.

ఏ నెలల్లో చేయిస్తే మంచిది?

ఏప్రిల్, మే. మరమ్మతులకు కాలువలు కట్టేసే రోజుల్లో భూమిలో నీటి మట్టం దిగి ఉంటుంది. విడిపోయిన అతుకులు బయటపడతాయి, అప్పుడే బాగుచేస్తే నిలుస్తుంది. జూన్‌లో డెల్టా కాలువలకు నీరు వదిలాక తీయిస్తే ఒకపక్క తోడుతుంటే ఒకపక్క ఊట మట్టి వస్తుంది.

మనిషిని దింపితే గంటలో అయిపోతుందంటున్నారు. పర్వాలేదా?

వద్దు. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ఒప్పుకోకండి. మేట కింద గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. పార వేయగానే, వెదురు బద్ద పొడవగానే ఒక్కసారిగా బయటికి వస్తుంది. తక్కువగా ఉన్నప్పుడే వాసన తెలుస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు) దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయింది కాబట్టి గ్యాసు పోయిందని మోసపోతారు. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది, 1,000 దగ్గర ఒకటి రెండు శ్వాసలే. పడిపోయినవాడిని లాగబోయి దిగిన రెండోవాడూ పోతాడు. మూత తీసి గంట ఆగడం, అగ్గిపుల్ల గీసి చూడటం పరీక్షలు కావు. మీథేన్ ఉంటే ఆ అగ్గిపుల్లే పేలుడు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు పైపులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. మొదటిసారికి రెండేళ్ళ వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, 5 లక్షలు. పనికి పిలిచిన ఇంటివాళ్ళకూ ఇది వర్తిస్తుంది. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు ఇచ్చినా మనిషి తిరిగి రాడు. పైపు పొంగుతుంటే 14420 నంబరుకు గానీ మున్సిపాలిటీకి గానీ ఫోను చేసి మిషను అడగండి.

యాసిడ్ గానీ కాస్టిక్ సోడా గానీ పోస్తే మేట కరగదా?

ఇసుక దేనికీ కరగదు. యాసిడ్ కాంక్రీటును తింటుంది. కాస్టిక్ నీటిలో వేడెక్కి ప్లాస్టిక్ పైపును మెత్తబరుస్తుంది, జిడ్డుతో కలిసి సబ్బు గడ్డలా బిగుస్తుంది. బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ ఒకదాని మీద ఒకటి పోస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది. బాత్రూములో తలుపు వేసుకుని ఆ పని చేయడం ప్రాణాంతకం.

మా సందులోకి మిషను రాదు. ఏం చేయాలి?

నీటిని కూడగట్టి ఒక్కసారిగా వదలాలి. ఎగువ మ్యాన్‌హోల్‌లో పోయే పైపు నోటికి తాడు కట్టిన రబ్బరు ప్లగ్ పైనుంచే బిగించి, ట్యాంకరు నీటితో మీటరు ఎత్తు నింపి, తాడు లాగేయండి. 200 మిల్లీమీటర్ల పైపు 100 మీటర్ల పొడవులో పట్టే నీరు 3,000 లీటర్ల పైచిలుకు. కాబట్టి 5,000 లీటర్ల ట్యాంకరుతో 60 నుంచి 100 మీటర్ల దాకా ఫలితం ఉంటుంది. నింపేటప్పుడు దాని ఎగువ ఇళ్ళలోకి నీరు తన్నకుండా చూసుకోవాలి. ఇది కొత్త మేటకే పనికొస్తుంది. నెలకోసారి చేస్తే మేట బిగుసుకోదు.

తీసిన పూడికను రోడ్డు పక్కన ఆరబెట్టవచ్చా?

ఒక్క వాన పడితే అంతా మళ్ళీ లోపలికే. అదే రోజు బండికి ఎత్తించండి. తోటలో వేయవద్దు, దానిలో పురుగు గుడ్లు, గాజు పెంకులు ఉంటాయి.

## పైపు తినేసినప్పుడు, రోడ్డు కుంగినప్పుడు

కాంక్రీటు పైపు అడుగు బాగానే ఉంది, పైకప్పు పొడి రాలుతోంది. ఇదెలా?

ఇది నీటి కోత కాదు, గ్యాసు కోత. మేటలో గాలి అందని చోట కొన్ని సూక్ష్మజీవులు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. ఆ గ్యాసు పైకి లేచి, పైపు పైకప్పు మీది చెమ్మలో కరుగుతుంది. అక్కడ గాలి ఉంటుంది కాబట్టి ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. కాంక్రీటు తెల్లటి మెత్తటి పిండిలా అయిపోతుంది, వేలితో గీకితే ఊడొస్తుంది. తీవ్రంగా ఉన్న చోట ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు పోతుంది, కమ్మీ బయటపడుతుంది.

తీరానికి దగ్గరైన కొద్దీ ఇది ఎక్కువ. సముద్రపు నీటిలో లీటరుకు 2,700 మిల్లీగ్రాముల దాకా సల్ఫేటు ఉంటుంది. ఉప్పు ఊట అతుకుల్లోంచి వస్తే ఆ సూక్ష్మజీవులకు మేత దొరికినట్టే. లిఫ్టు స్టేషన్ నుంచి వచ్చిన నీరు ఎత్తు నుంచి పడే మ్యాన్‌హోల్ అన్నిటికంటే ముందు పాడవుతుంది, అక్కడ నీరు చిలికి గ్యాసు వదిలేస్తుంది.

సల్ఫేటు తట్టుకునే సిమెంటు వాడాం కదా అంటారు. అది బయటి ఉప్పు నేలను తట్టుకుంటుంది గానీ లోపలి యాసిడ్‌ను కాదు. అలాంటి చోట ప్లాస్టిక్ పైపు, మ్యాన్‌హోల్ లోపల ఎపాక్సీ పూత లేదా ప్లాస్టిక్ పొర కావాలి. పంపు గుంటలో నీరు అరగంటకు మించి నిలవనివ్వకూడదు. పాత మ్యాన్‌హోల్ ఇనుప మెట్లను నమ్మి కాలు పెట్టకండి. పైకి లావుగా కనిపించినా గోడ లోపల తుప్పు తినేసి ఉంటుంది.

పైపు అడుగు అరిగిపోవడం మన దగ్గరా ఉంటుందా?

వీధి లైన్లలో అరుదు, మనకంత వేగమే లేదు. ఇసుక అరగదీసేది ఎక్కువగా పంపులో తిరిగే రెక్కలను (ఇంపెల్లర్లను), పంపు తోసిన నీరు పోయే పైపు (పంపింగ్ మెయిన్) వంపులను. పంపు తోడే నీరు తగ్గితే ఇంపెల్లర్ విప్పి అంచులు చూడండి.

రోడ్డు మధ్యలో ఉన్నట్టుండి గొయ్యి పడింది. వాహనాల బరువుకా?

బరువు ఆఖరి దెబ్బ మాత్రమే. విడిపోయిన అతుకులోంచి ఊట నీటితోపాటు చుట్టూ ఉన్న సన్న ఇసుక, ఒండ్రు రోజూ కొంచెం కొంచెం పైపులోకి జారుతుంది. పైపు పక్కన డొల్ల ఏర్పడి పైకి పెరుగుతుంది. చివరికి తారు ఒక్కటే పెంకులా మిగులుతుంది. కాలువలకు నీరు వదిలినప్పుడు, కట్టేసినప్పుడు నీటి మట్టం పైకీ కిందికీ మారడంతో ఈ జారుడు ఎక్కువవుతుంది. గొయ్యిలో రెండు ట్రాక్టర్ల మట్టి పోసి మూస్తే ఆ మట్టి కూడా పైపులోకే పోతుంది. తవ్వి, అతుకు బాగుచేసి, జియోటెక్స్‌టైల్ చుట్టి, చిప్స్ వేసి పూడ్చాలి. గొయ్యి చుట్టూ రెండు మీటర్ల వరకు ఇనుప కడ్డీతో తట్టి చూడండి, డొల్ల ఉన్న చోట మోత తేడాగా వస్తుంది. అది తేలే దాకా బళ్ళు ఆపండి.

## వరద రోజుల్లో

గోదావరి మా ఇంటికి రాలేదు, అయినా మరుగుదొడ్డిలోంచి నీరు ఎందుకు తన్నుతోంది?

నది గట్టు లోపలే ఉన్నా, ఊరి మురుగు కలిసే డ్రెయిన్లకు బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. సముద్రం పోటు మీద కూడా ఉంటే డ్రెయిన్ మట్టం పైపు నోటి కంటే పైకి లేస్తుంది, నీరు వెనక్కి నడుస్తుంది. మొదటి హెచ్చరిక రాగానే పైపు చివర ఉన్న, బయటికే తెరుచుకునే మూత (ఫ్లాప్ వాల్వు) చూడాలి. దాని కీలులో గుప్పెడు పీచు ఇరుక్కున్నా అది మూసుకోదు. ఇంటి చివరి ఛాంబరులో వెనక్కి రానివ్వని వాల్వు పెట్టించుకోవచ్చు. అది మూసి ఉన్నంతసేపు మీ ఇంటి నీరూ బయటికి పోదని గుర్తుంచుకుని వాడకం తగ్గించాలి.

వరద తీశాక ముందు ఏం చేయాలి?

మూడు నాలుగు రోజుల్లోపు జెట్టింగ్. వరద ఒండ్రు చాలా సన్నది. తడిగా ఉన్నంతసేపు నీటికే కొట్టుకుపోతుంది, పైపు ఖాళీ అయి ఆరితే ఇటుకలా బిగుస్తుంది. దిగువ చివర నుంచి మొదలుపెట్టి ఎగువకు రండి. లిఫ్టు స్టేషన్ గుంటలో ఒండ్రు తోడకుండా పంపు వేయకండి, ఇంపెల్లర్ పోతుంది. ఇంటి ఆవరణ కడిగిన బురదను ఛాంబరులోకి నెట్టకండి. పారతో ఎత్తి బయట కుప్ప వేసి, మిగిలిన మరకలకే నీళ్ళు వాడండి.